యూఎస్‌బీ పరికరాన్ని లినక్స్ కెర్నల్ డ్రైవర్‌లో చూపించడం: డిస్క్రిప్టర్ చదవడం నుంచి కేబుల్ పీకేదాకా

యూఎస్‌బీ డ్రైవర్ రాయడం మొదలుపెట్టినవారు నన్ను అడిగే ప్రశ్నల్లో సగానికి పైగా ఒకే రకంగా ఉంటాయి: పరికరం పెట్టినప్పుడు అంతా సవ్యంగా నడుస్తుంది, ప్రోగ్రామ్ నడుస్తుండగా కేబుల్ పీకగానే కెర్నల్ కుప్పకూలుతుంది. ఆ జబ్బుకు మందు, కేబుల్ పీకినప్పుడు కెర్నల్ పిలిచే డిస్‌కనెక్ట్ ఫంక్షన్‌లో వెతుకుతారు. కాని తప్పు అంతకు చాలా ముందే, పరికరాన్ని ఏ స్ట్రక్చర్‌తో చూపించాలి, ఆ స్ట్రక్చర్ ఆయుష్షును దేనికి ముడిపెట్టాలి అని నిర్ణయించిన చోటే జరిగిపోయి ఉంటుంది.

ఉదాహరణకు ఉష్ణోగ్రత నమోదు చేసే ఒక చిన్న బోర్డును తీసుకుందాం. దానికి ఒకే ఇంటర్‌ఫేస్ (పరికరం చేసే ఒక పని) ఉంది, క్లాస్ కోడ్ 255, అంటే తయారీదారు సొంత పద్ధతి. అందులో బల్క్ ఎండ్‌పాయింట్లు (డేటా రాకపోకల దారులు) రెండు: ఒకటి కంప్యూటర్‌కు డేటా పంపేది, రెండోది ఆదేశాలు అందుకునేది. ఫంక్షన్ల పేర్లను పలికినట్లే తెలుగు లిపిలో, కింది గీతలతో సహా ఇచ్చాను. వీటిలో చాలావాటిని కెర్నల్ సోర్స్‌లో డ్రైవర్స్, యూఎస్‌బీ ఫోల్డర్‌లో ఉండే యూఎస్‌బీ-స్కెలిటన్ ఫైల్‌లో చూడవచ్చు; దాన్ని పక్కన తెరిచి పెట్టుకుని చదివితే మేలు.

1. మొదట తేల్చుకోవలసినది: కెర్నల్ డ్రైవర్ నిజంగా కావాలా

ఒక్క ప్రోగ్రామ్ మాత్రమే పరికరాన్ని వాడుతుంటే, డేటా కెర్నల్‌లోని మరో విభాగానికి (నెట్‌వర్క్, ఆడియో, డిస్క్, ఇన్‌పుట్) చేరనవసరం లేకపోతే, లిబ్‌యూఎస్‌బీ లైబ్రరీతో యూజర్ స్పేస్‌లోనే, అంటే కెర్నల్ బయట మామూలు ప్రోగ్రామ్‌గానే, పని ముగించడం మంచిది. అక్కడ తప్పు జరిగితే ప్రోగ్రామ్ పడిపోతుంది. కెర్నల్‌లో జరిగితే మెషినే పడిపోతుంది.

పరికరం హెచ్‌ఐడీ (కీబోర్డు, మౌస్ తరహా), సీడీసీ (మోడెమ్ తరహా), మాస్ స్టోరేజ్ వంటి ప్రామాణిక క్లాస్‌కు చెందినదైతే కెర్నల్‌లో డ్రైవర్ ఇప్పటికే ఉంది. ఫర్మ్‌వేర్ (బోర్డులో నడిచే ప్రోగ్రామ్) మీ చేతిలో ఉంటే, కొత్త డ్రైవర్ రాసేకంటే ఫర్మ్‌వేర్‌నే ప్రామాణిక క్లాస్‌కు మార్చడం చాలాసార్లు తక్కువ శ్రమ.

2. పరికరం తన గురించి ఏం చెబుతోందో చదవండి

కోడ్ ఒక్క పంక్తి రాయకముందే ఎల్ఎస్‌యూఎస్‌బీ ఆదేశాన్ని వివరాల ఆప్షన్‌తో నడిపి, వచ్చినదంతా ఒక ఫైల్‌లో దాచుకోండి. అందులో కనిపించేవి డిస్క్రిప్టర్లు, అంటే పరికరం తన గురించి చెప్పుకునే చిన్న పట్టికలు: డివైస్ డిస్క్రిప్టర్ 18 బైట్లు, కాన్ఫిగరేషన్ 9, ఇంటర్‌ఫేస్ 9, మామూలు ఎండ్‌పాయింట్ 7 బైట్లు. డ్రైవర్‌కు కావలసిన సమాచారం దాదాపు అంతా వీటిలోనే ఉంటుంది.

కాగితం మీద రాసి పెట్టుకోవలసినవి:

- వెండర్ ఐడీ, ప్రోడక్ట్ ఐడీ
- ఇంటర్‌ఫేస్‌లు ఎన్ని, ఒక్కొక్కదాని క్లాస్, సబ్‌క్లాస్, ప్రోటోకాల్
- ప్రతి ఇంటర్‌ఫేస్‌కు ఆల్టర్నేట్ సెట్టింగ్‌లు (అదే ఇంటర్‌ఫేస్‌కు ఉండే వేర్వేరు అమరికలు) ఎన్ని
- ప్రతి ఎండ్‌పాయింట్ చిరునామా, రకం, గరిష్ఠ ప్యాకెట్ పరిమాణం
- సీరియల్ నంబర్ ఉందా, లేదా

ఎండ్‌పాయింట్ చిరునామా ఒక్క బైట్. దానిలో పై బిట్ దిశను, కింది నాలుగు బిట్లు సంఖ్యను చెబుతాయి. హెక్స్‌లో 81 అంటే కంప్యూటర్ వైపు వచ్చే 1వ ఎండ్‌పాయింట్. 02 అంటే పరికరం వైపు వెళ్లే 2వ ఎండ్‌పాయింట్. దిశ ఎప్పుడూ కంప్యూటర్ వైపు నుంచి చెప్పేదే. ఫర్మ్‌వేర్ రాసేవారు, డ్రైవర్ రాసేవారు వేర్వేరు మనుషులైనప్పుడు ఈ ఒక్క విషయం మీద సాయంత్రాలు గడిచిపోవడం చూశాను.

బల్క్ ప్యాకెట్ పరిమాణం ఫుల్ స్పీడ్‌లో 64 బైట్లు దాటదు, హై స్పీడ్‌లో 512, సూపర్ స్పీడ్‌లో 1024. ఒకే బోర్డు పాత హబ్ వెనక ఫుల్ స్పీడ్‌కు దిగిపోవచ్చు. అందువల్ల ఈ సంఖ్యను కోడ్‌లో రాసి పెట్టకూడదు, ప్రతిసారి డిస్క్రిప్టర్ నుంచే చదవాలి.

3. ఏ స్ట్రక్చర్ దేనికి ప్రతినిధి

అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టవలసిన మెట్టు ఇది. మన కంటికి కనిపించే వస్తువు ఒకటే, కాని కెర్నల్ దాన్ని అంచెలంచెలుగా చూస్తుంది.

యూఎస్‌బీ_డివైస్ అనేది పోర్టులో గుచ్చిన వస్తువు మొత్తానికి ప్రతినిధి. వేగం, బస్సు మీది చిరునామా, డివైస్ డిస్క్రిప్టర్ ఇందులో ఉంటాయి. యూఎస్‌బీ_ఇంటర్‌ఫేస్ ఆ వస్తువు చేసే ఒక్కో పనికి ప్రతినిధి. మైకు ఉన్న వెబ్‌క్యామ్‌లో వీడియోకు, ఆడియోకు వేర్వేరు ఇంటర్‌ఫేస్‌లు ఉంటాయి, వాటిని వేర్వేరు డ్రైవర్లు నడుపుతాయి. యూఎస్‌బీ_హోస్ట్_ఇంటర్‌ఫేస్ ఒక ఆల్టర్నేట్ సెట్టింగ్‌కు ప్రతినిధి. ఎండ్‌పాయింట్లు దాని కింద ఉంటాయి.

మీ డ్రైవర్‌కు కెర్నల్ అప్పగించేది వస్తువును కాదు, ఒక ఇంటర్‌ఫేస్‌ను. పరికరం దొరికినప్పుడు కెర్నల్ పిలిచే మీ ప్రోబ్ ఫంక్షన్‌కు వచ్చే మొదటి ఆర్గ్యుమెంట్ యూఎస్‌బీ_ఇంటర్‌ఫేస్ పాయింటర్ కావడానికి కారణం ఇదే. వస్తువు కావాలంటే ఇంటర్‌ఫేస్_టు_యూఎస్‌బీడెవ్‌తో పైకి వెళ్లాలి. ప్రస్తుత సెట్టింగ్ కావాలంటే కర్_ఆల్ట్‌సెట్టింగ్ ద్వారా కిందికి దిగాలి. ఆల్ట్‌సెట్టింగ్ శ్రేణిలో 0వ స్థానాన్ని నేరుగా వాడకండి. 0వ స్థానంలో ఉన్నది 0వ సెట్టింగే అన్న హామీ లేదు.

దీన్ని కళ్లారా చూడాలంటే సిస్‌ఎఫ్‌ఎస్‌లో (పరికరాల వివరాలను కెర్నల్ ఫైళ్లుగా చూపే చోట) బస్, యూఎస్‌బీ, డివైసెస్ ఫోల్డర్ తెరవండి. బోర్డు 1వ బస్సులో, 1వ పోర్టుకు తగిలించిన హబ్‌లోని 2వ పోర్టులో ఉంటే 1-1.2 అన్న పేరు కనిపిస్తుంది. అది వస్తువు. దాని పక్కనే 1-1.2:1.0 ఉంటుంది: 1వ కాన్ఫిగరేషన్‌లోని 0వ ఇంటర్‌ఫేస్. రెండో పేరుతో ఉన్న ఫోల్డర్‌లోని డ్రైవర్ లింక్ మీ డ్రైవర్ వైపు చూపుతుంది. మొదటి పేరుతో ఉన్న ఫోల్డర్‌లోని లింక్ మాత్రం సాధారణంగా యూఎస్‌బీ అనే జెనెరిక్ డ్రైవర్ వైపే ఉంటుంది.

కెర్నల్ లాగ్‌లో కనిపించే డివైస్ నంబర్‌ను గుర్తింపుగా దాచుకోకండి, పీకి పెట్టిన ప్రతిసారీ అది మారుతుంది. కోఠీ గుజరాతీ గల్లీలో దొరికే చవక మైక్రోకంట్రోలర్ బోర్డుల మీద తరచూ కనిపించే సీహెచ్340 చిప్ రకాల్లో చాలావాటికి సీరియల్ నంబర్ ఉండదు, వెండర్ ఐడీ 1ఏ86, ప్రోడక్ట్ ఐడీ 7523 అన్నిటికీ ఒకటే. అలాంటివి రెండు తగిలిస్తే ఏది ఏదో చెప్పగలిగేది పోర్టు దారి మాత్రమే.

4. గుర్తింపు పట్టిక

యూఎస్‌బీ_డివైస్_ఐడీ శ్రేణిలో మీ పరికరాల వరుస రాయాలి. ఒకే ఇంటర్‌ఫేస్ ఉన్న బోర్డుకు వెండర్, ప్రోడక్ట్ ఐడీలు చాలు. ఇంటర్‌ఫేస్‌లు ఎక్కువ ఉంటే వాటితో పాటు క్లాస్ వివరాలు కూడా జతచేయాలి. లేకపోతే మీది కాని ఇంటర్‌ఫేస్‌కు కూడా ప్రోబ్ వస్తుంది.

శ్రేణి చివర ఖాళీ వరుస తప్పనిసరి, వెతుకులాట ఎక్కడ ఆగాలో కెర్నల్‌కు చెప్పేది అదే. తర్వాత మాడ్యూల్_డివైస్_టేబుల్ మాక్రో పెట్టాలి. ఇది మరిచిపోతే మాడ్యూల్‌ను చేత్తో ఎక్కించినప్పుడు పనిచేస్తుంది, కేబుల్ పెట్టినప్పుడు మాత్రం తనంతట తాను ఎక్కదు.

పట్టికను మార్చకుండా కొత్త ఐడీని పరీక్షించాలంటే, సిస్‌ఎఫ్‌ఎస్‌లో మీ డ్రైవర్ ఫోల్డర్‌లోని న్యూ_ఐడీ ఫైల్‌లో ఆ రెండు సంఖ్యలూ రాస్తే చాలు.

5. మీ సొంత స్ట్రక్చర్

కెర్నల్ ఇచ్చే స్ట్రక్చర్లతో పాటు, మీ బోర్డు స్థితిని దాచుకోవడానికి మీదైన స్ట్రక్చర్ ఒకటి కావాలి. ఒక్కో బోర్డుకు ఒక్కో ప్రతి ఉండాలి. గ్లోబల్ వేరియబుల్‌లో పెడితే రెండో బోర్డు పెట్టిన రోజున మొదటి బోర్డు సమాచారం చెరిగిపోతుంది.

అందులో ఉండవలసినవి:

- యూఎస్‌బీ_డివైస్ పాయింటర్, యూఎస్‌బీ_ఇంటర్‌ఫేస్ పాయింటర్
- రెండు ఎండ్‌పాయింట్ల చిరునామాలు, వచ్చే ప్యాకెట్ పరిమాణం
- బఫర్ పాయింటర్, యూఆర్‌బీ (ఒక డేటా బదిలీ కోసం చేసే అభ్యర్థన) పాయింటర్, యూఆర్‌బీల యాంకర్ (పంపినవాటిని ఒకచోట కట్టి ఉంచేది)
- మ్యూటెక్స్ (ఒకసారికి ఒక్కరినే రానిచ్చే తాళం), "పీకేశారు" అని చెప్పే ఫ్లాగ్
- కేరెఫ్, అంటే ఈ స్ట్రక్చర్‌ను ఎందరు పట్టుకున్నారన్న లెక్క

బఫర్‌ను స్ట్రక్చర్‌లో భాగంగా పెట్టకండి, కేమాలాక్‌తో విడిగా తీసుకోండి. డీఎంఏ (ప్రాసెసర్ ప్రమేయం లేకుండా నేరుగా మెమరీతో జరిగే బదిలీ) జరుగుతున్న బైట్లూ, ప్రాసెసర్ రాస్తున్న పక్క ఫీల్డూ ఒకే క్యాష్ లైన్‌లో పడితే, కొన్ని ఆర్మ్ బోర్డుల మీద డేటా అప్పుడప్పుడు పాడవుతుంది. ఎక్స్86 డెస్క్‌టాప్ మీద ఈ తప్పు బయటపడదు, అందుకే ప్రమాదకరం. స్టాక్ మీది బఫర్ అసలే కూడదు.

స్ట్రక్చర్‌ను డెవ్‌ఎం కుటుంబపు ఫంక్షన్లతో (తీసుకున్నదాన్ని తామే విడుదల చేసేవి) తీసుకోవచ్చా అని అడుగుతుంటారు. యూజర్ ప్రోగ్రామ్ ఫైల్ తెరిచే వీలున్న డ్రైవర్‌లో వద్దు. డెవ్‌ఎం మెమరీ డ్రైవర్ విడిపోగానే విడుదలవుతుంది. ఫైల్ తెరిచి ఉంచిన ప్రోగ్రామ్ ఆ తర్వాత కూడా ఆ స్ట్రక్చర్‌నే తాకుతుంది.

6. ప్రోబ్‌లో పనుల వరుస

1. కేజెడ్‌అలాక్‌తో స్ట్రక్చర్ తీసుకుని, కేరెఫ్, మ్యూటెక్స్, యాంకర్ సిద్ధం చేయండి.
2. యూఎస్‌బీ_గెట్_డెవ్‌తో వస్తువును, యూఎస్‌బీ_గెట్_ఇంట్‌ఎఫ్‌తో ఇంటర్‌ఫేస్‌ను పట్టుకోండి. పాయింటర్ కాపీ చేసుకుంటే సరిపోదు, లెక్క పెరగాలి.
3. యూఎస్‌బీ_ఫైండ్_కామన్_ఎండ్‌పాయింట్స్‌తో ఎండ్‌పాయింట్లు వెతకండి. కావలసినవి దొరకకపోతే ఎర్రర్‌తో వెనక్కి వెళ్లండి.
4. ప్యాకెట్ పరిమాణాన్ని యూఎస్‌బీ_ఎండ్‌పాయింట్_మ్యాక్స్‌పీతో చదివి, బఫర్, యూఆర్‌బీ తీసుకోండి.
5. యూఎస్‌బీ_సెట్_ఇంట్‌ఎఫ్‌డేటాతో స్ట్రక్చర్‌ను ఇంటర్‌ఫేస్‌కు ముడివేయండి.
6. అన్నిటికన్నా చివర యూఎస్‌బీ_రిజిస్టర్_డెవ్ పిలవండి.

5, 6 తారుమారు చేయకూడదు. రిజిస్టర్ అయిన మరుక్షణమే యూజర్ ప్రోగ్రామ్ ఫైల్ తెరవగలదు. అప్పటికి స్ట్రక్చర్ ముడిపడకపోతే ఓపెన్ ఫంక్షన్‌కు ఖాళీ పాయింటర్ దొరుకుతుంది.

3వ మెట్టులో డిస్క్రిప్టర్‌ను నమ్మవద్దు. "నా బోర్డులో రెండు ఎండ్‌పాయింట్లు ఉన్నాయని నాకు తెలుసు కదా" అనుకుని 0వ స్థానం, 1వ స్థానం అని నేరుగా తీసుకోవడం మామూలు పొరపాటు. మీ ఐడీలతోనే తప్పుడు డిస్క్రిప్టర్లు పంపే పరికరాన్ని ఎవరైనా గుచ్చవచ్చు. సిజ్‌బాట్ అనే ఆటోమేటిక్ పరీక్షా వ్యవస్థ యూఎస్‌బీ డ్రైవర్లలో పట్టుకున్న లోపాల్లో ఈ కోవవి చాలా ఉన్నాయి. ప్యాకెట్ పరిమాణం సున్నా వచ్చి, దానితో భాగించబోయి కెర్నల్ ఆగిన సందర్భాలూ ఉన్నాయి.

డివైస్ డిస్క్రిప్టర్‌లోని రెండు బైట్ల ఫీల్డులు లిటిల్ ఎండియన్‌లోనే ఉంటాయి. వెండర్ ఐడీని పోల్చేముందు ఎల్ఈ16_టు_సీపీయూ వాడటం మరవకండి.

7. డేటా పంపడం, అందుకోవడం

ఆదేశం ఒక్కటి పంపి జవాబు కోసం ఆగగలిగితే యూఎస్‌బీ_బల్క్_మెసేజ్ చాలు. టైమవుట్ మిల్లీసెకన్లలో ఇవ్వాలి. సున్నా ఇస్తే అనంతంగా ఆగుతుంది. ఈ ఫంక్షన్ నిద్రపోతుంది (పని ముగిసేదాకా వేచి ఉంటుంది) కనుక ఇంటరప్ట్ సందర్భంలోనూ, స్పిన్‌లాక్ పట్టుకున్నప్పుడూ పిలవకూడదు.

ఎడతెగకుండా డేటా వస్తుంటే యూఆర్‌బీలు కావాలి. యూఆర్‌బీని నింపి, యాంకర్‌కు కట్టి, యూఎస్‌బీ_సబ్‌మిట్_యూఆర్‌బీతో పంపాలి. పని పూర్తయ్యాక కంప్లీషన్ ఫంక్షన్ నడుస్తుంది. అక్కడ నిద్రపోకూడదు, కొత్త మెమరీ కావాలంటే జీఎఫ్‌పీ_అటామిక్ వాడాలి.

కంప్లీషన్‌లో మొదట చూడవలసింది యూఆర్‌బీ స్టేటస్:

- ఈనోఎంట్, ఈకాన్‌రీసెట్, ఈషట్‌డౌన్: యూఆర్‌బీని రద్దు చేశారు లేదా పరికరం వెళ్లిపోయింది. మళ్లీ పంపకండి, నిశ్శబ్దంగా తప్పుకోండి.
- ఈపైప్: ఎండ్‌పాయింట్ స్టాల్ అయింది, అంటే పరికరం దాన్ని ఆపేసింది. యూఎస్‌బీ_క్లియర్_హాల్ట్ అవసరం, కాని అది నిద్రపోతుంది కనుక వర్క్‌క్యూకి (నిద్రపోగల పనులను తర్వాత నడిపే వరుసకు) అప్పగించండి.
- ఈఓవర్‌ఫ్లో: అడిగినదానికన్నా ఎక్కువ వచ్చింది. చదివే బఫర్ పరిమాణం గరిష్ఠ ప్యాకెట్‌కు గుణిజంగా ఉందో లేదో చూడండి.

ఏ ఎర్రర్ వచ్చినా వెంటనే మళ్లీ సబ్‌మిట్ చేసే కోడ్ రాస్తే, కేబుల్ పీకిన క్షణంలో లాగ్ వేల పంక్తులతో నిండిపోతుంది.

8. డిస్‌కనెక్ట్: ఎవరు ముందు వెళ్లాలి

ఒక సన్నివేశాన్ని దగ్గరగా చూద్దాం. ప్రోబ్ ముగిసేసరికి కేరెఫ్ లెక్క 1. ప్రోగ్రామ్ ఫైల్ తెరిచింది, ఓపెన్ ఫంక్షన్ లెక్కను 2 చేసింది. ప్రోగ్రామ్ చదువుతూ ఉండగా ఎవరో కేబుల్ పీకారు. హబ్ ఆ సంగతి చెప్పగానే కెర్నల్ మీ డిస్‌కనెక్ట్‌ను పిలుస్తుంది. అక్కడ వరుస ఇది:

1. యూఎస్‌బీ_డీరిజిస్టర్_డెవ్: ఇక కొత్తగా ఎవరూ ఫైల్ తెరవలేరు.
2. మ్యూటెక్స్ పట్టుకుని "పీకేశారు" ఫ్లాగ్ పెట్టి వదలండి: ఇక కొత్త యూఆర్‌బీ బయలుదేరదు.
3. యూఎస్‌బీ_కిల్_యూఆర్‌బీ, యూఎస్‌బీ_కిల్_యాంకర్డ్_యూఆర్‌బీస్: దారిలో ఉన్నవి ముగిసేదాకా ఇవి ఆగుతాయి. టైమర్లు, వర్క్‌క్యూలు ఉంటే వాటినీ ఇక్కడే రద్దు చేయాలి.
4. చదవడానికి వేచి ఉన్న ప్రోగ్రామ్‌ను మేల్కొల్పండి.
5. కేరెఫ్ లెక్క ఒకటి తగ్గించండి.

లెక్క ఇప్పుడు 1. వస్తువు చేతిలో లేదు, డ్రైవర్ విడిపోయింది, కాని స్ట్రక్చర్ బతికే ఉంది, ఎందుకంటే ప్రోగ్రామ్ ఇంకా ఫైల్ మూయలేదు. అది మళ్లీ చదవబోతే, రీడ్ ఫంక్షన్ మ్యూటెక్స్ పట్టుకుని ఫ్లాగ్ చూసి ఈనోడెవ్ (పరికరం లేదు) ఎర్రర్ ఇస్తుంది. ప్రోగ్రామ్ ఫైల్ మూసినప్పుడు రిలీజ్ ఫంక్షన్ లెక్కను సున్నా చేస్తుంది. అప్పుడు మాత్రమే యూఆర్‌బీ, ఇంటర్‌ఫేస్, వస్తువు, బఫర్, చివరగా స్ట్రక్చర్ విడుదల కావాలి.

నా మొదటి డ్రైవర్‌లో డిస్‌కనెక్ట్ చివర నేరుగా కేఫ్రీ (మెమరీని విడుదల చేసే ఫంక్షన్) రాశాను. పరీక్షల్లో ఎప్పుడూ ప్రోగ్రామ్‌ను ముందు ఆపి తర్వాతే కేబుల్ తీసేవాడిని కనుక నెలలపాటు ఏమీ తెలియలేదు. డెమో రోజున బల్ల కింద ఎవరి కాలో తగిలింది.

9. రెండు ఇంటర్‌ఫేస్‌లను కలిపి నడపవలసినప్పుడు

సీడీసీ-ఏసీఎం మోడెమ్ తరహా పరికరాల్లో నియంత్రణకు ఒక ఇంటర్‌ఫేస్, డేటాకు మరొకటి ఉంటాయి. ప్రోబ్ ఒకదానికి వచ్చినప్పుడు రెండోదాన్ని యూఎస్‌బీ_డ్రైవర్_క్లెయిమ్_ఇంటర్‌ఫేస్‌తో మీరే పట్టుకోవాలి, లేకపోతే మరో డ్రైవర్ దాన్ని తీసుకుపోవచ్చు.

ఇక్కడ డిస్‌కనెక్ట్ రెండింటికీ విడివిడిగా వస్తుంది. మొదటిసారి వచ్చినప్పుడే రెండింటి ఇంట్‌ఎఫ్‌డేటానూ ఖాళీ చేసి, రెండోసారి అది ఖాళీగా కనిపిస్తే వెంటనే తిరిగి వెళ్లిపోవాలి.

10. నిద్ర, రీసెట్

సస్పెండ్, రెజ్యూమ్ ఫంక్షన్లు రాయకపోయినా కొంపేమీ మునగదు: సిస్టమ్ నిద్రపోయేముందు కెర్నల్ మీ డ్రైవర్‌ను విడదీసి, లేచాక మళ్లీ ప్రోబ్ పిలుస్తుంది. తెరిచి ఉన్న ఫైళ్లు మాత్రం పనికిరాకుండా పోతాయి. అది ఇబ్బంది అనుకుంటే సస్పెండ్‌లో యూఆర్‌బీలు ఆపి, రెజ్యూమ్‌లో మళ్లీ పంపండి. నిద్రలో పరికరానికి కరెంటు పోతే రెజ్యూమ్ బదులు రీసెట్_రెజ్యూమ్ వస్తుంది; అందులో బోర్డు సెట్టింగ్‌లన్నీ మళ్లీ రాయాలి.

11. తరచూ వచ్చే లక్షణాలు, చూడవలసిన చోట్లు

ప్రోబ్ రావడమే లేదు: చెట్టు ఆప్షన్‌తో ఎల్ఎస్‌యూఎస్‌బీ నడిపి, ఆ ఇంటర్‌ఫేస్‌ను వేరే డ్రైవర్ పట్టుకుందేమో చూడండి. అలాగైతే ఆ డ్రైవర్ ఫోల్డర్‌లోని అన్‌బైండ్ ఫైల్‌లో 1-1.2:1.0 అని రాసి విడిపించండి.

"ట్రాన్స్‌ఫర్ బఫర్ ఈజ్ ఆన్ స్టాక్" అన్న హెచ్చరిక: లోకల్ వేరియబుల్‌ను బఫర్‌గా ఇచ్చారు. కేమాలాక్‌కు మార్చండి.

64 బైట్ల సందేశం పంపినప్పుడే పరికరం బిగుసుకుపోతోంది: సందేశం ప్యాకెట్ పరిమాణానికి సరిగ్గా గుణిజమైతే, ముగిసిందని ఫర్మ్‌వేర్‌కు తెలియకపోవచ్చు. యూఆర్‌బీ_జీరో_ప్యాకెట్ ఫ్లాగ్ పెట్టి చూడండి.

మాడ్యూల్ తీయడం కుదరడం లేదు, "వాడుకలో ఉంది" అంటోంది: ఏదో ప్రోగ్రామ్ ఇంకా ఫైల్ తెరిచే ఉంచింది. ఇది లోపం కాదు.

అసలేం జరుగుతోందో అర్థం కావడం లేదు: యూఎస్‌బీమాన్ (యూఎస్‌బీ రాకపోకలను చూపే మాడ్యూల్) ఎక్కించి వైర్‌షార్క్‌లో ఆ బస్సును చూడండి. తప్పు మీదా, ఫర్మ్‌వేర్‌దా అన్న వాదన సాధారణంగా పది నిమిషాల్లో తేలిపోతుంది.

12. ఎవరికైనా ఇచ్చేముందు

మెమరీ తప్పులు, లాక్ తప్పులు, విడుదల కాని మెమరీ పట్టుకునే కాసాన్, లాక్‌డెప్, కేమెమ్‌లీక్ ఆన్ చేసిన కెర్నల్ మీద, వర్చువల్ మెషిన్‌లో ఈ పరీక్షలు చేయండి:

- ఫైల్ తెరిచి ఉండగా కేబుల్ పీకి, తర్వాత ఫైల్ మూయడం
- రీడ్ ఆగి ఉన్నప్పుడు పీకడం
- డేటా వేగంగా వెళ్తున్నప్పుడు పీకడం, కనీసం యాభైసార్లు
- బోర్డులు రెండు పెట్టి, మొదటిదాన్ని పీకి, రెండోది నడుస్తోందా చూడడం
- ప్రోబ్‌లోని ప్రతి మెట్టునూ కావాలని విఫలం చేసి, వెనక్కి వెళ్లే దారిలో ఏదీ రెండుసార్లు విడుదల కావడం లేదని చూడడం
- ల్యాప్‌టాప్ మూసి తెరవడం
- డమ్మీ_హెచ్‌సీడీ, రా-గాడ్జెట్ సాయంతో ఎండ్‌పాయింట్లే లేని నకిలీ పరికరాన్ని తగిలించడం